ముద్ర పడలేదు

గ్లాస్గోలో నేను అమ్మిన రెండు గదుల ఫ్లాటుకి
కొవిల్యాలో మూడంతస్తుల రాతి ఇల్లు వచ్చింది.
పైన ఇంకా చిల్లర మిగిలింది.
"కారుచౌకే మోరాగ్!" అంది ఫోనులో మా చెల్లెలు ఫియోనా,
సంతలో చేప బేరం కుదిరినట్టు.

ఆ మాట నేనూ అన్నాను,
కాఫీ కొట్లో, దర్జాగా, నలుగురికీ వినబడేలా.
అదెలీను కప్పు తుడుస్తూ తలెత్తి
"ఎవరికి?" అన్నాడు.
అంతే.
మళ్లీ కప్పు తుడుచుకున్నాడు.

కొన్నది ఎండాకాలంలో.
అమ్మినవాడు కిటికీలన్నీ బార్లా తెరిచి కొండ చూపించాడు,
గోడలు చూపించలేదు.
నవంబరులో గోడలే తమంతట తాము పరిచయం చేసుకున్నాయి,
చెమ్మతో, చల్లటి చెమటతో.
మంచం కింది చెప్పులకి తెల్లగా గడ్డం మొలిచింది.
కట్టెల పొయ్యికి నా భాష రాదు,
నాకు దాని భాష రాదు.
ఇద్దరం ఒకే పొగలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే
నిన్న నివాసపు కార్డు కోసం వెళ్లాను.
ఏడింటికే వరస.
నా ముందు చెర్రీ తోటల్లో పనిచేసే నేపాలీ కుర్రాడు,
మోకాళ్ల మీద కాగితాల సంచీ, దాన్ని గట్టిగా పట్టుకున్న చేతులు.
అతను కూలికొచ్చాడు, నేను విశ్రాంతికొచ్చాను.
ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం ఇద్దరికీ ఒకటే చలి.

లోపల జుల్మీర. యాభై దాటిన మనిషి,
కళ్లద్దాలకి దారం కట్టుకుంది.
గాజు మీద బొటనవేలు పెట్టమంది.
పెట్టాను. ఎర్రదీపం.
చూపుడువేలు. ఎర్రదీపం.
తుడిచి పెట్టాను, ఊది పెట్టాను,
పంతం పట్టి నొక్కిపెట్టాను.
పది వేళ్లూ అయ్యాయి.
యంత్రం లెక్క ప్రకారం
ఆ కుర్చీలో ఎవరూ లేరు.

ముప్పై ఒక్క ఏళ్లు ఆస్పత్రి లాండ్రీలో చేశాను.
పురిటి దుప్పట్లు, ఆపరేషను గుడ్డలు,
తెల్లారేసరికి ఖాళీ అయిన మంచాల పక్కబట్టలు,
అన్నీ బ్లీచులో జాడించాను.
ఎవరి మరకా మిగల్చలేదని పేరుండేది నాకు.
ఎవరి మరకా అంటే
నాది కూడా అని ఎవరూ చెప్పలేదు.

వెనక్కి పొమ్మంటుందనుకున్నాను.
జుల్మీర నా చెయ్యి తీసుకుని, సోదె చెప్పేదానిలా
వెలుతురుకి తిప్పి చూసింది.
నాకు అర్థం కావాలని ఒక్కో మాటా
పసిపిల్లకి ముద్ద పెట్టినట్టు పెట్టింది:
"మా అమ్మవీ ఇంతే.
మిల్లులో ఉన్ని కడిగేది, పదకొండో ఏటి నుంచీ.
సంతకం రాదు.
సిరాలో ముంచి వేలు నొక్కితే
కాగితం మీద నల్ల చుక్క పడేది. గీత ఉండేది కాదు.
బ్యాంకులో నవ్వేవాళ్లు."

డ్రాయరు లాగి
మధ్యాహ్నం సూపులోకి తెచ్చుకున్న ఆలివ్ నూనె తీసింది.
ఒక్కో వేలికీ రాసింది, తొందర లేకుండా.
బయట నలభై మంది ఎదురుచూస్తున్నారు.
రెండు వేళ్లకి పచ్చదీపం వెలిగింది.
మిగతా ఎనిమిదికీ కాగితంలో ఒక గడి ఉందట,
"ముద్ర తీయడం సాధ్యపడలేదు" అని.
ఎనిమిదిసార్లు టిక్కు పెట్టింది.

బయటికొచ్చి వంతెన మీద నిలబడ్డాను.
కింద వాగు పక్కన పైకప్పు లేని పాత మిల్లు,
కిటికీల్లోంచి చెట్లు బయటికి చూస్తున్నాయి.
ఎంతిచ్చేవారో అప్పట్లో, రోజుకి?
అడగాలనిపించింది. ఎవర్నడగాలో తెలియలేదు.

రాత్రి ఫియోనా ఫోను.
వేళ్లకి ఇంకా జిడ్డు పోలేదు, ఫోను జారిపోతోంది.
"ఏమే, అక్కడింకా అన్నీ చౌకేనా?" అంది.
పొయ్యిలో తడికట్టె బుసలు కొడుతోంది.
కాసేపు దాన్నే చూశాను.
"కట్టెలు కాదు" అన్నాను.